బిగించే ముందు వెతకరేం?

ఈ కాలం పిల్లలకి మిషన్ కాస్త గొణిగిందంటే తెలిసిన వైద్యం ఒక్కటే. పానా పట్టుకుని కనబడ్డ నట్టల్లా బిగించేయడం. దానికీ లొంగకపోతే ఫోన్లో వెతికి కొత్త పార్టు తెప్పించడం. అది వచ్చాక కూడా గొణుగుడు తగ్గకపోతే మిషన్‌ని మూలన పడేసి ఇంకోటి కొనడం. నాలుగు రోజుల్లో పార్టు గుమ్మంలోకి వచ్చి పడే కాలంలో పుట్టారు కదా, పాతది ఎందుకు పాడైందో ఆలోచించే తీరిక మీకెక్కడిది! మా రోజుల్లో బయటిదేశం నుంచి ఒక్క బేరింగు రావాలన్నా ఇంపోర్టు లైసెన్సు కావాలి. ఆ కాగితం ఏ ఆఫీసులో ఏ ఫైలు కింద నిద్రపోతోందో దేవుడికెరుక. అందుకని ముందు వెతికేవాళ్లం. తప్పెక్కడుందో తేలేదాకా పానా జోలికి పోయేవాళ్లం కాదు.

నేను చెబుతున్నది గ్రామఫోను రికార్డులు కోసే లేతు గురించి. రికార్డు పెట్టి వినే ప్లేయరు మీలో కొందరికి తెలుసు. ఈమధ్య అది మళ్లీ ఫ్యాషన్ అయింది. 2022లో అమెరికాలో సీడీల కన్నా ఎల్పీలే ఎక్కువ అమ్ముడుపోయాయని పేపర్లో చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. సంతోషమే. కానీ ఆ ఎల్పీ మీద గాడి ఎలా పడుతుందో చెప్పండర్రా అంటే ఒక్కడూ నోరు మెదపడు. "ప్రింటు చేస్తారు కదా తాతగారూ" అన్నాడొకడు. ప్రింటట!

వినండి. అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసిన ప్లేటు ఉంటుంది, దాన్ని లాకరు అంటాం. అది లేతు మీద తిరుగుతుంటే పైనుంచి కటింగ్ హెడ్డు, దాని కొసన కెంపుతోనో నీలంతోనో చెక్కిన సూది, ఆ పూతలో గాడి కోసుకుంటూ బయటి అంచు నుంచి లోపలికి వస్తుంది. గాడి గోడలు నున్నగా రావాలని సూదికి సన్నటి తీగ చుట్టి వేడి చేస్తాం. కోసినప్పుడు లేచే పొట్టుని పక్కనున్న గొట్టం పీల్చేస్తుంది. ఆ పొట్టుకి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది, అందుకే ఆ గది దరిదాపుల్లో బీడీ వెలిగించినవాడికి మర్నాడు ఉద్యోగం ఉండేది కాదు. కోసిన లాకరుకి వెండి పూత పూసి దాని మీద నికెలు పోత పోస్తే వచ్చేది తండ్రి, తండ్రి నుంచి తల్లి, తల్లి నుంచి స్టాంపరు, స్టాంపరు నుంచి అచ్చయ్యే వేల రికార్డులు. లాకరు మీద ఒక్క లోపం పడిందంటే వేల ఇళ్లలో అదే లోపం మోగుతుంది. అందుకే ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు, తలుపు కూడా నెమ్మదిగా వేసేవారు.

ఎల్పీ గాడి వెడల్పు సుమారుగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందులో సూది వెయ్యో వంతు అనవసరంగా ఊగినా చెవికి తెలిసిపోతుంది. ఎందుకంటే కోసేటప్పుడు కింది స్వరాలని తగ్గించి కోస్తాం, వినేటప్పుడు ప్లేయరు వాటిని మళ్లీ పెంచుతుంది. ఆర్‌ఐఏఏ అనే ప్రమాణం లెక్క ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు దాదాపు 20 డెసిబెల్స్, అంటే 10 రెట్లు. పాటతోపాటు లేతు వణుకుని కూడా అది 10 రెట్లు చేసి వినిపిస్తుంది. స్పీకర్లో గుర్రుమని వస్తుందే, ఆ రంబులు అదే. ఇనుప కడ్డీ చెక్కే మామూలు లేతులో ఎవరూ పట్టించుకోని వదులు కూడా ఇక్కడ కొంప ముంచుతుంది. స్టీరియో వచ్చాక మరీ కష్టమైంది. మోనో రికార్డులో సూది పక్కలకి ఊగితేనే శబ్దం, పైకీ కిందకీ ఊగితే వినేవాడికి అంతగా అందదు. స్టీరియోలో పైకీ కిందకీ ఊగడం కూడా పాటలో భాగమే. కాబట్టి లాకరు కింద తిరిగే ప్లేటు బరువు మోసే బేరింగులో ఉన్న లోపాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. మోనోయే బాగుండేదని మా గదిలో పెద్దవాళ్లు గొణుక్కునేవారు. నేనూ ఇప్పటికీ ఆ పక్షమే.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఖరగ్‌పూర్ బెంగాల్లో ఉందన్న మాటే గాని రైల్వే కాలనీల్లో ఎటు తిరిగినా తెలుగు వినబడేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లినవాళ్లు తరాల తరబడి అక్కడే ఉండిపోయారు. అలా పెరిగిన నేను కలకత్తాలో ఒక రికార్డుల కంపెనీలో కటింగ్ గదికి హెల్పరుగా చేరాను. మద్రాసులో పాడిన మన పాటలు రికార్డులై బయటికొచ్చేది ఎక్కువగా కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ నుంచే, ఈ సంగతి ఇప్పుడెందరికి తెలుసు? ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ మన ఊళ్లలో ఎన్ని గుళ్లలో, ఎన్ని వాకిళ్లలో మోగిందో లెక్కలేదు. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆ రెండు క్షణాల మౌనం ఉంటుంది చూడండి, లేతు మంచిదో చెడ్డదో తెలిసేది అక్కడే. పాట మోగుతున్నంతసేపూ ఎంత లోపమైనా దాక్కుంటుంది. మౌనంలో దాక్కోలేదు. ఇప్పటి పిల్లలు చెవుల్లో గుబిలి ముక్కల్లాంటివి దూర్చుకుని బస్సులో, రోడ్డు మీద, వంటింట్లో పాటలు వింటారు. మౌనం వినే చెవి ఎక్కణ్నుంచి వస్తుంది?

మొన్న సంక్రాంతికి మా మనవడితోపాటు వాడి స్నేహితుడొకడు వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పాత అమెరికా లేతు ఒకటి ఎవరి దగ్గరో కొని, డబ్బు బాగానే పోసి, బాగుచేసుకుంటున్నాడట. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, దాపరికమెందుకు. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. "రంబులు వస్తోంది తాతగారూ, అన్ని స్క్రూలూ గట్టిగా బిగించాను, మోటారు రబ్బర్లు మార్చాను, బెల్టు మార్చాను, అయినా తగ్గలేదు" అన్నాడు.

అన్నీ బిగించాడట! అన్నీ ఒకే రోజు మార్చాడట! ఇక నేను వెతకడానికి ఏం మిగిల్చాడు? దొంగతనం జరిగిన ఇల్లు కడిగి ముగ్గేసి పోలీసుని పిలిచినట్టుంది. ఒక్కసారి ఒక్కటే ముట్టుకోవాలి. ముట్టుకునే ముందు ఆ స్క్రూ తల మీదా, పక్క ఇనుము మీదా కలిపి రంగు గీత గీయాలి, ఎంత తిప్పామో తెలియడానికి. తిప్పాక మళ్లీ ఒక ఖాళీ గాడి కోసి వినాలి. తేడా రాకపోతే ఆ గీత దగ్గరికే వెనక్కి తిప్పేయాలి. ఆ తర్వాతే రెండోదాని జోలికి పోవాలి. ఇలా చేస్తే పొద్దు గడిచిపోతుంది, నిజమే. గడవనీ! మాకు పొద్దుండేది.

వెతకడం ఎప్పుడూ నేల నుంచి మొదలవ్వాలి. హెడ్డు దగ్గర మొదలుపెట్టేవాడికి ఎప్పటికీ దొరకదు. ముందు లేతు కాళ్లు నాలుగూ నేలకి ఆనుతున్నాయా? సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క చింపి ఒక్కో కాలి కింద లాగి చూసేవాళ్లం. మూడు కాళ్ల కింద కదలకుండా పట్టుకుని, నాలుగో కాలి కింద జారిందంటే ఆ మిషన్ మూడు కాళ్ల మీదే నిలబడి ఉందన్నమాట. అప్పుడు వీధిలో లారీ వెళ్లినా గాడిలో పడుతుంది. కలకత్తాలో ట్రాములుండేవి, అవి తిరగని రాత్రి వేళ కోసిన లాకర్లు నున్నగా వస్తాయని కొందరు నమ్మేవాళ్లు. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ కొట్టిపారేయలేదు. తర్వాత ప్లేటు మీద నీటిమట్టం పెట్టి, ప్లేటుని పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడాలి. బుడగ ప్రతిసారీ ఒకే చోట ఉంటే మిషన్ ఒరిగి ఉంది, ప్లేటుతోపాటు బుడగ కూడా తిరిగితే ప్లేటే వంకరగా కూర్చుంది. ఇందులో ఖర్చెంత? నీటిమట్టం మేస్త్రీ దగ్గర అరువు తెచ్చుకున్నా సరిపోతుంది.

ఆ పైన మోటారు. మోటారుని లేతు ఒంటికి తగలకుండా రబ్బరు గుబ్బల మీద కూర్చోబెడతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు రాయైపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, గోరుతో నొక్కితే లొంగదు. నాలుగింట్లో ఒకటి గట్టిపడి మూడు మెత్తగా ఉంటే మోటారు ఒక పక్కకి ఒరిగి పుల్లీ మీద బలం ఒకవైపే పడుతుంది. ఇక మోటారుని ప్లేటుకి కలిపే కప్లింగులో దొంగ స్క్రూ ఉంటుంది, గ్రబ్ స్క్రూ. తల కూడా లేని ఆ చిన్న స్క్రూ సగం చుట్టు వదులైతే చాలు, మోటారు తిరగడం మొదలెట్టినప్పుడు టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది. ఆ ఒక్క చప్పుడు వినబడాలంటే గదిలో ఏసీ ఉండకూడదు, ఫోను మోగకూడదు, ముఖ్యంగా మిషన్ పక్కన నిలబడ్డవాడు మాట్లాడకూడదు.

తర్వాత స్పిండిలు, అంటే ప్లేటు తిరిగే ఇరుసు. ఇక్కడే మీ తరం పప్పులో కాలేస్తుంది. ప్లేటు అంచుకి, సన్నటి కదలికని ముల్లుతో చూపే డయలు గేజి ఆనించి తిప్పుతారు, ముల్లు కదిలింది కాబట్టి బేరింగు పోయిందంటారు. ఆగు బాబూ, ఇంకో చుట్టు తిప్పు. ముల్లు మళ్లీ అదే చోట అంతే కదిలిందా? అయితే అది వదులు కాదు, వంకర. ప్లేటు గుండ్రంగా చెక్కలేదు, లేదా స్పిండిలు మీద సరిగ్గా కూర్చోలేదు. ప్రతి చుట్టుకీ వేరే చోట, వేరే కొలతలో కదిలితేనే వదులు. వంకర మాట తప్పదు, వదులుకి నిలకడ ఉండదు. అది తేలాక ప్లేటు తిప్పడం ఆపి, రెండు బొటనవేళ్లతో అంచుని ఎదురెదురుగా మెల్లగా నొక్కి వదలాలి. మంచి బేరింగులో ముల్లు కదిలి, వదలగానే తిరిగి తన చోటికొస్తుంది. వదులు బేరింగులో కదిలిన చోటే ఉండిపోతుంది. నూనె ఎండిపోయినా అచ్చం ఇలాంటి జబ్బే కనిపిస్తుంది, కాబట్టి బేరింగు మార్చే ముందు పాత నూనె తుడిచి కొత్త నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి. ఒక రాత్రి ఆగడం అంటే మీకు ప్రాణం పోతుంది, నాకు తెలుసు.

స్పీడు సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. స్వరం 1.8 సెకన్లకోసారి ఊగుతుంటే తప్పు ప్లేటుదో, మధ్యలో రంధ్రానిదో. అంతకన్నా గబగబా వణుకుతుంటే తప్పు మోటారు వైపుది. ఇది నోటితో లెక్కపెట్టుకున్నా తెలుస్తుంది. కానీ డెబ్బయ్యో దశకంలో కలకత్తాలో కరెంటు సంగతి అడక్కండి. లోడ్ షెడ్డింగు ఒకటైతే, ఉన్న కరెంటు కూడా 50 హెర్ట్జ్ మీద నిలబడేది కాదు. సింక్రనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకునే తిరుగుతుంది కాబట్టి అది తగ్గితే స్పీడూ తగ్గుతుంది. ప్లేటు మీద స్ట్రోబు కాగితం పెట్టి చూస్తే గీతలు కదలకుండా నిలబడి "అంతా బాగానే ఉంది" అన్నట్టే ఉండేవి. ఎందుకంటే పైన వెలిగే బల్బుదీ అదే కరెంటు! 33⅓ స్పీడుకి 180 గీతలు గీసిన ఆ కాగితం కరెంటు సరిగ్గా ఉన్నంతవరకే నిజం చెబుతుంది. శ్రుతిదండం మోగించి రికార్డులోని స్వరంతో పోల్చి వింటేనే అసలు సంగతి తేలేది. వదులు వదులని మిషన్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే తప్పు వీధి చివర కరెంటు స్తంభంలో ఉండేది.

ఇక బండి, అంటే హెడ్డుని మోసుకుంటూ లీడు స్క్రూ మీద లోపలికి నడిచేది. దీని గురించి మీవాళ్లందరూ చేసే గోల ఒకటే, బ్యాక్‌లాష్, బ్యాక్‌లాష్. స్క్రూకీ, దాన్ని పట్టుకునే హాఫ్ నట్టుకీ మధ్య సందుంటే కొంప మునిగిపోయిందని ఆ కుర్రాడూ బెంగపడ్డాడు. బండి నడిచేది ఎప్పుడూ ఒకే దిక్కుకి. స్క్రూ దాన్ని వెనకనుంచి నెడుతున్నంతసేపూ ఆ సందు ఎక్కడుందో ఎవరికీ పట్టదు. సూదికి వేడి తెచ్చే వైరో, పొట్టు పీల్చే గొట్టమో బండిని ముందుకి లాగినప్పుడు మాత్రం బండి ఆ సందులో ముందుకి జారి ఆగి, స్క్రూ వచ్చి అందుకునేదాకా అక్కడే కూర్చుంటుంది. అప్పుడు గాడులు దగ్గరగా, దూరంగా పడతాయి. దానికి మందు నట్టు మార్చడం కాదు. గొట్టం బిగుసుకోకుండా వేలాడేలా కట్టాలి, బండి ఎప్పుడూ వెనక్కే ఆనేలా చిన్న బరువు వేలాడదీయాలి. గాడుల మధ్య దూరం స్క్రూ ఒక్కో చుట్టుకీ ఒకసారి పెరిగి తగ్గుతుంటే మాత్రం నట్టుని వదిలేసి స్క్రూ కొసల్లో ఉన్న బేరింగులు చూడాలి. స్క్రూ నిలువునా అటూ ఇటూ జరుగుతోందన్నమాట. ఇదంతా మైక్రోస్కోపులో చూసి, పెన్సిలుతో కాగితం మీద రాసుకుని, లెక్కవేస్తే తేలేది.

నాకీ విద్య ఒక రాత్రి తలకెక్కింది. మా గదిలో పెద్దాయన ఒకాయన ఉండేవారు, బెంగాలీ. మేమంతా బొడోబాబు అనేవాళ్లం. ఒక ఎల్పీ లాకరు మీద బయటి పాటలు నున్నగా ఉన్నాయి, లోపలి రెండు పాటల దగ్గర మౌనంలో గుర్రు వినబడుతోంది. అందరూ మోటారు అన్నారు. ఆయన ఏమీ అనలేదు. ఖాళీ గాడులు ఒక ప్లేటు నిండా కోయించి, గదిలో లైట్లు ఆర్పించి, ఒక్క చిన్న దీపాన్ని ప్లేటుకి ఏటవాలుగా పట్టారు. బయటి సగం అద్దంలా మెరిసింది. లోపలి సగంలో మధ్య నుంచి అంచు వైపు గీతలు, సన్నగా, వరసగా. ఆయన గుండుసూది పట్టుకుని గీత గీతకీ వేలు జరుపుతూ లెక్కపెట్టారు. 45 వచ్చాయి. కాగితం మీద ఒక్క భాగహారం చేశారు. చుట్టుకి 1.8 సెకన్లు, 45 గీతలు, అంటే సెకనుకి 25 వణుకులు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే మోటారుది సరిగ్గా అదే లెక్క.

"చూశారా, మోటారే" అన్నారు అందరూ. ఆయన తలూపలేదు. మోటారుదే అయితే బయటి సగంలో ఎందుకు లేదు? మోటారు ప్లేటంతటా ఒకేలా వణుకుతుంది కదా. బండి ఎక్కడుంటే గుర్రు మారుతోందో, తప్పు ఆ బండి దారిలో ఉంది. మోటారు వణుకు ఎప్పుడూ కొంచెం ఉండేదే. బండి వదులుగా ఉన్న చోట మాత్రం దాన్ని పట్టుకుని హెడ్డుకి అందిస్తోంది.

బండి నడిచే పట్టా మీద డయలు గేజి పెట్టి చూస్తే తేలిపోయింది. ఎల్పీలైనా, చిన్న ఈపీలైనా సూది లోపలి భాగానికి రావాల్సిందే, కాబట్టి ఆ భాగంలో పట్టా ఎక్కువ అరిగింది. బయటి భాగం ఎల్పీకి మాత్రమే వాడతాం, అక్కడ దాదాపు కొత్తలా ఉంది. అరిగిన చోట బండిని సరిపోయేలా బిగిస్తే బయటి చివర పట్టేసి కదలదు. బయట సరిపోయేలా వదిలితే లోపల ఆడుతుంది. ఇప్పుడు చెప్పు బాబూ, ఏ స్క్రూ ఎంత బిగిస్తే ఇది తీరుతుంది? ఏ స్క్రూ బిగించినా తీరదు. మందు మా నాన్న చేతిలో ఉంది. కంపెనీవాళ్లు సరేనన్నాక ఆయన ఖరగ్‌పూర్ నుంచి సెలవు రోజుల్లో వచ్చి, సరిచూసే పలకకి నీలిరంగు పూసి, దాన్ని పట్టా మీద రుద్ది, రంగు అంటిన చోట మాత్రం స్క్రేపరుతో గీకేవారు. మళ్లీ రంగు, మళ్లీ రుద్దడం, మళ్లీ గీకడం. గీకిన పొడి గోరు మీద పెట్టుకుంటే ఊదితే ఎగిరిపోయేంత. మాటా పలుకూ లేదు, భోజనానికి పిలిచినా వినబడేది కాదు. చివర పట్టా పొడవునా రంగు ఒకేలా అంటినప్పుడు బండిని వేలితో నెట్టమన్నారు. ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే బరువుతో జారింది. ఆ తర్వాత కోసిన ప్లేటు మీద గీతలు లేవు. మోటారుని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ చేతిపని ఇప్పుడెక్కడుంది? ఐటీఐలో స్క్రేపింగు నేర్పుతున్నారా అని తెలిసినవాళ్లని అడిగితే కంప్యూటరు లేతుల గురించి చెబుతారు. ఉండనీ, అవీ కావాలి. కానీ అరిగినదాన్ని తిరిగి సరిచేసే విద్య పోతే, అరిగిన ప్రతిదాన్నీ పారేయడమే మిగులుతుంది.

ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. ఆ హైదరాబాదు కుర్రాడు ఫోను తీసి, మిషన్ మీద పెట్టి రికార్డు చేసిన శబ్దాన్ని గీతలుగా చూపించాడు. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత వణుకు ఉందో రంగురంగుల్లో కనిపించింది. బొడోబాబు గుండుసూదితో రాత్రంతా లెక్కపెట్టింది అందులో అర నిమిషంలో వచ్చేసింది. అది గొప్ప సాధనమే, కాదనను. అలాంటిది మా గదిలో ఉంటే ఆయన కళ్లు అంత తొందరగా చెడేవి కావేమో. కానీ ఆ ఫోను ఏది వణుకుతోందో చెప్పింది గాని, వదులు ఎక్కడుందో చెప్పలేదు. అది అడిగితే ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. బండిని బయట నుంచి లోపలికి అంగుళం అంగుళం జరిపి, ప్రతి చోటా ఒకసారి ఫోను పెట్టి చూడమన్నాను. వాడి మొహం వెలిగింది. అంతసేపూ మిషన్ మధ్యలోనే పెట్టి చూశాడట. సాధనం కొత్తదైనా ప్రశ్న పాతదే వెయ్యాలి నాయనా.

ఇంకో సంగతి మీ తరానికి గుర్తుండాలి. మా రోజుల్లో పరీక్షకి కోసే గాడుల కోసం పాడైన లాకర్ల వెనకవైపు వాడుకునేవాళ్లం, కొదవ ఉండేది కాదు. 2020 ఫిబ్రవరి 6న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం బ్యానింగ్ ఊళ్లో లాకర్లు తయారుచేసే అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. దాంతో ప్రపంచమంతటికీ లాకర్లిచ్చేది జపాన్‌లోని ఎండీసీ ఒక్కటే అయిపోయింది. అలాంటి సరుకు మీద కారణం తెలియకుండా నట్లు తిప్పుతూ ప్లేటు తర్వాత ప్లేటు పాడుచేయడం పాపం. పాపమనే అంటాను, చిన్న మాట వాడను. ముందు సూది దించకుండా చేయగలిగిన పరీక్షలన్నీ చేయండి: కాగితం ముక్క, నీటిమట్టం, డయలు గేజి, బొటనవేలు. ప్లేటు చివరికి.

బెర్లిన్‌లో నాయ్‌మన్ వాళ్లూ, అమెరికాలో స్కల్లీ వాళ్లూ చేసిన లేతులు ఎన్నో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. నలభై, యాభై ఏళ్లు దాటినవి. చేసినవాళ్లు గట్టిగా చేశారన్నది సగం నిజం. ప్రతి చోటా బొడోబాబు లాంటివాడొకడు రోజూ పొద్దున్నే గుడ్డముక్కతో తుడిచి, నూనె చుక్క వేసి, వేలితో ఒకసారి నెట్టి చూసి గాని పని మొదలుపెట్టకపోవడం మిగతా సగం. మిషన్‌తో మాట్లాడేవాడు కూడా ఉండేవాడు మా గదిలో. మీరు నవ్వుతారు. మిషన్ దగ్గర అంతసేపు గడిపినవాడికి దాని గొంతులో తేడా తెలుస్తుంది, అంతకన్నా మంత్రమేమీ లేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా, పాత స్టూడియోలోనైనా, మూతపడ్డ ఏ ఆఫీసు గోదాములోనైనా ఇలాంటి యంత్రం దుమ్ముకొట్టుకుని ఉంటే పాతసామాన్ల వాడికి కిలోల లెక్కన అమ్మకండి. దాంతోపాటున్న వాషర్లు, రేకుముక్కలు, చేత్తో రాసిన పాత నోటుబుక్కు చెత్త అనుకుని పారేయకండి. ఆ రేకుముక్క ఎవరో ఒకరు ఏదో ఒక వదులుకి కొలిచి కోసిందే. ఖరగ్‌పూర్‌లో, విశాఖలో, విజయవాడలో రైల్వే వర్క్‌షాపుల నుంచి రిటైరైన ఫిట్టర్లు ఇంకా ఉన్నారు, సాయంత్రం వేళ అరుగుల మీద ఊరికే కూర్చుని ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. కాగితం, పెన్ను పట్టుకెళ్లండి. వాళ్లు చేత్తో చూపించి చెప్పినదంతా, అడ్డు ప్రశ్న వేయకుండా, రాసుకోండి. ఈ ఏడాదే వెళ్లండి.